తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ: జన్యువుల వాటా ఎంత?

నేను ఎంచుకున్న విషయం ఒక పాత ప్రశ్నతో మొదలవుతుంది. హెచ్‌ఐవీకి మందులు లేని రోజుల్లో, ఆ వైరస్ ఉన్న తల్లులకు పుట్టిన పిల్లల్లో ఎంతమందికి అది సోకింది? తల్లిపాలు పట్టని చోట నూటికి 15 నుంచి 25 మందికి. చాలాకాలం పాలు పట్టిన చోట 45 మంది దాకా. ఈ అంకెలను భయంతో చదవడమే మనకు అలవాటు. వాటినే తిరగేసి చదివితే వేరే సంగతి బయటపడుతుంది: ఏ మందూ, ఏ జాగ్రత్తా లేకుండానే నూటికి 55 నుంచి 85 మంది పిల్లలు తప్పించుకున్నారు. వైరస్ తిరుగుతున్న రక్తం పక్కనే తొమ్మిది నెలలు పెరిగి, కాన్పులో ఆ రక్తంలోనే తడిసి, చాలామంది ఆ తల్లి పాలే తాగి కూడా బయటపడ్డారు. ఒకే తల్లి కడుపున పుట్టిన పిల్లల్లో ఒకరికి సోకి, ఇంకొకరికి సోకకపోవడమూ ఉంది. ఎందుకు?

మన ఇళ్లలో ఇలాంటి ప్రశ్నకు ఎప్పుడూ సిద్ధంగా ఉండే జవాబు నుదుటి రాత. చదువుకున్నవాళ్లం ఆ మాట పైకి అనం. దాని బదులు జన్యువులు అంటాం. చాలాసార్లు అదే అర్థంలో అంటాం. పుట్టుకతో వచ్చింది, మార్చలేనిది, కనుక ఎవరూ చేయగలిగింది లేదన్న అర్థం అది. ముప్ఫై ఏళ్ల పరిశోధన చెప్పేది అది కాదని నా వాదన. తల్లీబిడ్డల జన్యువుల తేడాలకు ఈ సంక్రమణలో నిజంగానే వాటా ఉంది. అయితే ఆ వాటా స్థిరమైనది కాదు. తల్లి ఒంట్లో వైరస్ ఎంత ఉందన్న దాన్నిబట్టి అది పెరుగుతుంది, తగ్గుతుంది. వైరస్‌ను మందులతో పూర్తిగా అణచినప్పుడు లెక్కకు అందనంతగా చిన్నదైపోతుంది. జన్యువు చెప్పే తీర్పు అమలు కావాలంటే ముందు వైద్యం విఫలం కావాలి.

వైరస్ బిడ్డను చేరే దారులు మూడు. గర్భంలో మాయ దాటి రావడం ఒకటి, కాన్పు సమయంలో రక్తం, స్రావాల ద్వారా రావడం రెండు, పాల ద్వారా రావడం మూడు. మందులు లేనప్పుడు కడుపులో ఉండగా సోకేది నూటికి 5 నుంచి 10 మందికి, కాన్పులో 10 నుంచి 20 మందికి, పాల వల్ల 5 నుంచి 20 మందికి. మూడు దారుల్లో ఎదురయ్యే కణాలు వేరు, అడ్డుకునే యంత్రాంగం వేరు. అందుకే ఒక దారిలో కాపాడిన జన్యువు ఇంకో దారిలో ఏమీ చేయకపోవచ్చు. ఈ రంగంలో పరస్పర విరుద్ధంగా కనిపించే ఫలితాలు కొన్ని రావడానికి మూడింటినీ కలిపి లెక్కించడం ఒక కారణం. జన్యువుల సంగతికి వెళ్లేముందే వాటి హద్దును చూపించే సాక్ష్యం ఒకటి చెప్పాలి. 1991లో లాన్సెట్ పత్రిక కవల పిల్లల మీద ఒక అధ్యయనం ప్రచురించింది. సహజ కాన్పులో ముందు పుట్టిన కవలల్లో సగం మందికి, సిజేరియన్‌లో ముందు బయటికి తీసిన వారిలో 38 శాతానికి వైరస్ సోకింది. రెండోవాళ్లలో, ఏ పద్ధతిలో పుట్టినా, 19 శాతానికే సోకింది. తల్లి ఒకరే, గర్భం ఒకటే, రక్తంలో ఉన్న వైరస్ ఒకటే. ముందు పుట్టడం, తర్వాత పుట్టడం అన్న తేడా ఏ జన్యువులోనూ రాసి ఉండదు. కాన్పు దారిలో వైరస్‌కు ఎవరు ముందు, ఎంతసేపు ఎదురుపడ్డారన్నదే అంత తేడా తెచ్చింది.

ఇక జన్యువులు. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం హెచ్‌ఎల్‌ఏ జన్యువులది. మన ఒంట్లోని దాదాపు ప్రతి కణం తన లోపల తయారవుతున్న ప్రొటీన్ల ముక్కలను హెచ్‌ఎల్‌ఏ అణువుల మీద పెట్టి బయటికి చూపిస్తుంది. లోపల వైరస్ ఉంటే దాని ముక్కలూ అలాగే బయటికి వస్తాయి; వాటిని గుర్తుపట్టిన టీ కణాలు ఆ కణాన్ని చంపేస్తాయి. మనిషి జన్యువులన్నిటిలోకి మనిషికీ మనిషికీ ఎక్కువ తేడా ఉండేది ఇక్కడే. అవయవ మార్పిడికి సరిపోయే దాత దొరకడం కష్టమయ్యేదీ ఇందుకే. బిడ్డకు హెచ్‌ఎల్‌ఏలో సగం తల్లి నుంచి వస్తుంది, దానికి మినహాయింపు లేదు. మిగతా సగం తండ్రిది. తల్లికీ బిడ్డకూ ఉండే తేడా అంతా ఆ రెండో సగంలోనే ఉంటుంది.

ఆ తేడాకు విలువ ఎంత? నైరోబీలోని తల్లీబిడ్డల మీద జరిగిన అధ్యయనం ఒకటి 1998లో వెలువడింది. తల్లికీ బిడ్డకూ మొదటి తరగతి హెచ్‌ఎల్‌ఏ ఎంత ఎక్కువగా కలిస్తే బిడ్డకు వైరస్ సోకే అవకాశం అంత ఎక్కువగా ఉందని, అదీ మెట్టు మెట్టుగా పెరుగుతూ వచ్చిందని అందులో తేలింది. కారణాలు రెండు చెప్పుకోవచ్చు. హెచ్‌ఐవీ తాను పుట్టిన కణం పొరనే చుట్టుకుని బయటికి వస్తుంది. ఆ పొరతోపాటు తల్లి హెచ్‌ఎల్‌ఏ అణువులూ వస్తాయి. తల్లి చీర కప్పుకుని గుమ్మం దాటే దొంగ లాంటిదన్నమాట. బిడ్డ హెచ్‌ఎల్‌ఏ వేరైతే ఆ పొరను పరాయిదిగా గుర్తించి ఎదిరించే అవకాశం ఉంటుంది. ఒకటే అయితే గుర్తించేందుకు పరాయిది అంటూ ఏమీ ఉండదు. రెండో కారణం ఇంకా సూక్ష్మమైనది. తల్లి ఒంట్లో ఏళ్ల తరబడి ఉన్న వైరస్, ఆమె హెచ్‌ఎల్‌ఏ దేన్ని పట్టుకుని చూపిస్తుందో ఆ భాగాలను మార్చుకుంటూ తప్పించుకోవడం నేర్చేసి ఉంటుంది. అదే హెచ్‌ఎల్‌ఏ బిడ్డకూ ఉంటే, ఆ బిడ్డ ఆయుధాలకు ముందే అలవాటుపడిన వైరస్ వచ్చి చేరుతుంది. హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే రకం పెద్దవాళ్లలో వైరస్‌ను బాగా అదుపు చేస్తుందని పేరు. 2001లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, ఆ రకం ఉన్న తల్లి నుంచి తప్పించుకోవడం నేర్చిన వైరస్ బిడ్డకు చేరినప్పుడు, అదే బీ27 వారసత్వంగా వచ్చిన బిడ్డకు దానివల్ల ఒనగూడే రక్షణ పోయింది. తల్లికి మేలు చేసిన జన్యువు బిడ్డకు చేరేసరికి మొద్దుబారిన కత్తి అయింది.

ఇక్కడ తెలుగువాళ్లం ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. మన సమాజంలో మేనరికాలు తరతరాలుగా ఉన్నాయి. మేనమామకు మేనకోడలిని ఇవ్వడం, మేనత్త మేనమామల పిల్లల మధ్య సంబంధాలు కలుపుకోవడం ఇప్పటికీ ఆగలేదు. భార్యాభర్తల హెచ్‌ఎల్‌ఏ ఒకే పూర్వీకుల నుంచి వచ్చినదైతే, తండ్రి నుంచి బిడ్డకు వచ్చే సగం కూడా తల్లిలో ఉన్నదే అయ్యే అవకాశం పెరుగుతుంది. మెండెల్ సూత్రంతో లెక్క కట్టడం కష్టమేమీ కాదు. మేనమామను చేసుకున్న తల్లికి పుట్టే బిడ్డ, హెచ్‌ఎల్‌ఏ విషయంలో అచ్చంగా తల్లిలాగే ఉండే అవకాశం ఎనిమిదింట ఒక వంతు. రెండు సగాలూ ఒకటే అయి, అదీ తల్లిలోనిదే అయ్యే అవకాశం ఇంకో ఎనిమిదో వంతు. రెండూ కలిపితే నాలుగింట ఒక వంతు పిల్లల్లో తల్లికి లేని హెచ్‌ఎల్‌ఏ ఏదీ ఉండదు. మేనత్త, మేనమామ పిల్లల పెళ్లి అయితే ఇది ఎనిమిదింట ఒక వంతు. బంధుత్వం లేని దంపతుల పిల్లల్లో ఇంతటి పూర్తి పోలిక అరుదు. ఇది కాగితం మీది లెక్క. కాన్పుల వార్డులో కొలిచిన ఫలితం కాదు. అయినా నైరోబీ ఫలితాన్ని పక్కన పెట్టుకుని చూస్తే, ఈ ప్రశ్నను అడగడానికి మన ప్రాంతం కన్నా తగిన చోటు తక్కువ. హైదరాబాదులో, విశాఖలో జన్యుశాస్త్రం చదువుతున్న విద్యార్థులు ఎవరైనా ఈ మాట వింటుంటే, నా లెక్క సరిచూసి ఆపై ముందుకు వెళ్లమని కోరుతున్నాను.

మిగతా జన్యువుల గురించి వేగంగా చెబుతాను. వాటి చుట్టూ జరిగిన ప్రచారానికి తగిన బలం వాటిలో లేదు. అందరూ విన్న పేరు సీసీఆర్5. హెచ్‌ఐవీ కణంలోకి దూరే తలుపు అది. ఆ జన్యువులో 32 అక్షరాలు లేని డెల్టా32 రకం ఇద్దరు తలిదండ్రుల నుంచీ వచ్చినవారికి వైరస్ సోకడం చాలా కష్టమని 1996లో తెలిసింది. బెర్లిన్ రోగిగా పేరుపడ్డ మనిషి హెచ్‌ఐవీ నుంచి బయటపడింది అలాంటి దాత మజ్జ మూలకణాలతోనే. కానీ ఆ రకం ఉత్తర ఐరోపా మూలాలున్నవారిలో తప్ప పెద్దగా కనిపించదు. వాళ్లలోనూ రెండు వైపుల నుంచీ వచ్చినవారు నూటికి ఒక్కరే. హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ఆఫ్రికాలోనూ, మన దేశంలోనూ అది అరుదు. ఒక వైపు నుంచే వచ్చిన పిల్లల సంగతి ఫ్రాన్స్‌లో చూశారు: వాళ్లకు వైరస్ సోకడం తగ్గలేదు, సోకాక జబ్బు ముదరడం మాత్రం నెమ్మదించింది. ఎస్‌డీఎఫ్1 అనే జన్యువులో తేడా ఉన్న తల్లుల నుంచి సంక్రమణ ఎక్కువని కెన్యా అధ్యయనం ఒకటి చెప్పింది. మలావీ శిశువుల మొత్తం జన్యుపటాన్ని జల్లెడ పట్టిన 2010 నాటి అధ్యయనంలో, గణాంకాల కఠిన పరీక్షకు నిలిచిన ఒక్క తేడా కూడా దొరకలేదు. దానిలో పిల్లల సంఖ్య తక్కువే. అయితే పెద్దవాళ్ల మీద 6,300 మంది రోగులతో, 7,200 మంది ఇతరులతో 2013లో చేసిన భారీ పరిశీలనలోనూ గట్టిగా నిలిచింది ఆ పాత సీసీఆర్5 ఒక్కటే. మనల్ని ఒక్క దెబ్బతో కాపాడే జన్యువు ఏదో దాగి ఉందన్న ఆశ వదులుకోవడం మంచిది.

నా వాదనకు అసలైన ఆధారం సీసీఎల్3ఎల్1 అనే జన్యువు కథలో ఉంది. దీని నుంచి తయారయ్యే ప్రొటీన్ సీసీఆర్5 తలుపుకు అడ్డుపడుతుంది. ఈ జన్యువు ప్రతులు ఒక్కొక్కరిలో ఒక్కో సంఖ్యలో ఉంటాయి. ప్రతులు ఎక్కువగా ఉన్నవారికి హెచ్‌ఐవీ ముప్పు తక్కువని 2005లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. ఆ కొలతలనూ, నిర్ధారణలనూ 2009లో ఇతర బృందాలు ప్రశ్నించాయి. ఆ తగువు తేలిందని నేను అనను. ఈ మధ్యలో 2007లో దక్షిణాఫ్రికా శిశువుల మీద వచ్చిన అధ్యయనం మాత్రం మనకు పనికొచ్చే సంగతి చెప్పింది. ప్రతులు ఎక్కువున్న శిశువులకు సోకడం తగ్గిన మాట నిజమే. కానీ ఆ ప్రభావం కాన్పుకు ముందు తల్లికి నెవిరపిన్ అనే హెచ్‌ఐవీ మందు మాత్ర ఇవ్వని చోటే కనిపించింది. నెవిరపిన్ ఇచ్చిన తల్లుల పిల్లల్లో ఆ తేడా కనబడలేదు. ఒక్క మాత్ర! ఇవాళ్టి చికిత్సతో పోలిస్తే అది ఎంత బలహీనమైన రక్షణో వైద్యులకు తెలుసు. అంతపాటి మందు కూడా జన్యువు గొంతు వినబడకుండా చేయగలిగింది.

ఇది ఎందుకు జరుగుతుందో వైరస్ పరిమాణం చెబుతుంది. 1999లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో, రక్తం మిల్లీలీటరులో వైరస్ ప్రతులు వెయ్యికి లోపు ఉన్న 57 మంది తల్లుల్లో ఒక్కరి నుంచీ బిడ్డకు సోకలేదు. లక్ష దాటిన తల్లుల్లో నూటికి 40 మంది నుంచి సోకింది. మంచి హెచ్‌ఎల్‌ఏ చేసే మేలులో పెద్ద భాగం కూడా ఈ సంఖ్యను తగ్గించడం ద్వారానే జరుగుతుంది. బీ57 రకం ఉన్న తల్లి ఒంట్లో వైరస్ సహజంగానే తక్కువగా ఉండవచ్చు. ఆ రకం లేని తల్లికి అదే పనిని మాత్ర చేస్తుంది, ఇంకా బాగా చేస్తుంది. 1994లో జిడోవుడిన్ అనే మందు ఒక్కదానితో సంక్రమణ 25.5 శాతం నుంచి 8.3 శాతానికి దిగింది. ఆ తర్వాత మందులు కలిపి ఇవ్వడం మొదలైంది. ఫ్రాన్స్‌లో 2000 నుంచి 2011 దాకా సేకరించిన వివరాల్లో, గర్భం రాకముందే చికిత్స మొదలుపెట్టి, మానకుండా కొనసాగించి, కాన్పు నాటికి వైరస్ 50 ప్రతుల లోపున ఉన్న తల్లులకు 2,651 మంది పిల్లలు పుట్టారు. వారిలో వైరస్ సోకినవారు సున్నా. ఆ తల్లుల్లో చాలామంది ఆఫ్రికా నుంచి వచ్చినవారు. ఆ పిల్లల్లో తల్లితో హెచ్‌ఎల్‌ఏ బాగా కలిసినవారు ఉండే ఉంటారు, సీసీఎల్3ఎల్1 ప్రతులు తక్కువున్నవారూ ఉండే ఉంటారు. వారి జన్యువులను ఎవరూ అడగలేదు, అడగాల్సిన అవసరమూ రాలేదు.

ఫ్రెంచి తల్లులు పాలివ్వలేదు కదా, మన తల్లుల సంగతి వేరు కదా అని అడగవచ్చు. సరైన ప్రశ్నే. పాల సంగతి తేల్చడానికి ఆఫ్రికా దేశాలతోపాటు మన పుణేలోనూ జరిగిన ప్రామిస్ పరీక్షలో, తల్లికి పూర్తి చికిత్స ఇచ్చినా, బిడ్డకు రోజూ నెవిరపిన్ పోసినా, పాలిచ్చే కాలంలో సోకింది నూటికి ఒక్కరికన్నా తక్కువ మందికే. ఇది సున్నా కాదు. కానీ మందులు లేని రోజుల్లో పాల వల్లనే నూటికి 5 నుంచి 20 మంది బలయ్యారని గుర్తుంచుకుంటే, తేడా ఏమిటో తెలుస్తుంది.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. మందు అందితేనే కదా జన్యువు నోరు మూస్తుంది? అందని చోట సంగతి ఏమిటి? 2023లో ప్రపంచమంతా కలిపి సుమారు 1,20,000 మంది పిల్లలకు కొత్తగా హెచ్‌ఐవీ సోకింది. హెచ్‌ఐవీ ఉన్న గర్భిణుల్లో చికిత్స అందినది నూటికి 84 మందికి. మిగిలిన 16 మంది విషయంలో పాత లెక్కలే నడుస్తున్నాయి. అక్కడ హెచ్‌ఎల్‌ఏ పోలికకూ, జన్యు ప్రతులకూ ఇప్పటికీ పని ఉంది. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. నా వాదనకు అది బలమే. ఒక దేశంలో తల్లి నుంచి బిడ్డకు సంక్రమణలో జన్యువుల ముద్ర స్పష్టంగా కనబడుతోందంటే, ఆ దేశపు గర్భిణుల క్లినిక్‌లు సరిగా పనిచేయడం లేదని అర్థం. ఐరోపా, ఆఫ్రికా అంకెల మధ్య తేడాను జాతుల రక్తానికి అంటగట్టేవాళ్లకు కూడా ఇదే జవాబు. పాలిచ్చే కాలం, మందు అందే తీరు, పరీక్ష జరిగే సమయం ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నాక జాతికి మిగిలే వాటా చాలా కొంచెం. క్యూబా 2015లో, థాయ్‌లాండ్ 2016లో, శ్రీలంక 2019లో తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీని నిర్మూలించినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఈ మూడు దేశాల ప్రజల జన్యు మూలాలకు పోలిక లేదు. వాటిని కలిపింది గర్భిణుల ఆరోగ్య వ్యవస్థ.

అయితే ఈ పరిశోధన దండగా? కాదు. మందు లేకుండానే తప్పించుకున్న ఆ సగానికి పైగా పిల్లల ఒళ్లు ఏం చేసిందో తెలిస్తే, టీకా తయారుచేసేవారికీ, శిశువులకు ఇవ్వదగ్గ ప్రతిరక్షకాలను పరీక్షిస్తున్నవారికీ అది దారి చూపుతుంది. మందుల భద్రతలోనూ జన్యువుల ఉపయోగం రుజువైంది. వైరస్‌ను అదుపు చేస్తుందని ఇప్పుడే చెప్పిన బీ57 కుటుంబంలోని బీ57:01 ఉన్నవారికి అబకావిర్ అనే మందు ప్రాణాపాయం తేగల తీవ్ర ప్రతిచర్య కలిగించవచ్చు; ముందుగా జన్యు పరీక్ష చేసి ఆ మందు మానేస్తే ఆ ముప్పు దాదాపు పోతుందని 2008లో పెద్ద పరీక్షలో తేలింది. వైరస్‌ను కట్టేసే జన్యువే మందును విషం చేయడం వైద్యంలో అరుదైన వింత.

నేను గట్టిగా వ్యతిరేకించేది ఒక్కటే: గర్భిణులకు జన్యు పరీక్షలు చేసి ఎక్కువ ముప్పు, తక్కువ ముప్పు అని విడదీయాలన్న సూచన. హెచ్‌ఎల్‌ఏ పోలిక వందల మందిని కలిపి చూసినప్పుడు కనిపించే మొగ్గు. ఎదురుగా కూర్చున్న ఒక తల్లి గురించి అది చెప్పగలిగేది చాలా తక్కువ. చికిత్సను మార్చే శక్తి దానికి లేదు. తక్కువ ముప్పు అని తేలినంత మాత్రాన ఏ వైద్యుడూ మందు ఆపడు. మిగిలేది నింద ఒక్కటే. భర్త నుంచి వైరస్ తెచ్చుకున్న తల్లినే బిడ్డ జబ్బుకు కారణమని వేలెత్తి చూపే ఇళ్లలో, నీ జన్యువుల వల్లే అన్న మాట ఇంకో ఆయుధమవుతుంది. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ చట్టం రోగి వివరాల గోప్యతకు, వివక్ష నుంచి రక్షణకు హామీ ఇచ్చింది. ఉపయోగం లేని పరీక్షతో ఆ హామీకి కన్నం వేయకూడదు.

మన దేశంలో 2002లో ఒక్క నెవిరపిన్ మాత్రతో మొదలైన కార్యక్రమం, 2014 నుంచి హెచ్‌ఐవీ ఉన్న ప్రతి గర్భిణికీ జీవితాంతం చికిత్స ఇచ్చే దశకు చేరింది. 2021 అంచనాల ప్రకారం వయోజనుల్లో హెచ్‌ఐవీ ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం, రెండూ దేశ సగటుకు పైనే. కనుక వైద్యులకు, ఆశా కార్యకర్తలకు, సభలోని పెద్దలకు నా విన్నపం ఇది. నెల తప్పిన తొలి మూడు నెలల్లోనే పరీక్ష జరిగేలా చూడండి. అదే రోజు భర్తకూ చేయించండి. మొదట లేదని వచ్చినా, ముప్పున్న ఇంట్లో నెలలు నిండేముందు, పాలిచ్చే కాలంలో మళ్లీ చేయించండి. గర్భంతోనో పాలిచ్చేటప్పుడో కొత్తగా వైరస్ సోకిన తల్లిలో దాని పరిమాణం ఎక్కువగా ఉంటుంది, మనం కనిపెట్టలేకపోతున్నది అలాంటి తల్లులనే. మందు తీసుకుంటున్న తల్లికి కాన్పుకు ముందు వైరల్ లోడ్ పరీక్ష, పుట్టిన బిడ్డకు ఆరో వారంలో పరీక్ష తప్పిపోనివ్వకండి. ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్షా (ఐసీటీసీ), చికిత్సా (ఏఆర్‌టీ) కేంద్రాల్లో ఇవి ఉచితం.